కప్పతల్లిని వదిలిన గుంట

ఆషాఢం, ఆదివారం. పొద్దున్నుంచి సన్న వాన, గాలి లేదు. బట్టలు పిండి రేకుల కింద తాడు మీద వేశాను. రెండు రోజులకు గాని ఆరవు.

నాగమ్మక్కకు తమ్ముడు కుర్మయ్య నమస్కారం. నీవు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? వనపర్తి దవాఖానకు మళ్లీ పోయివచ్చారా? పాన్‌గల్‌లో వానలు ఎట్లా ఉన్నాయి, పల్లి విత్తనం వేశారా, వేసింది మొలిచిందా? నేను బాగున్నాను. నా గురించి రంది పెట్టుకోవద్దు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు రాశాడని అనుకుంటావు. నీవు ఫోన్ చేసినప్పుడు మీ ఇంట్లో అందరూ వింటారు, ఇక్కడ డేరాల్లో అందరూ వింటారు. మొన్న నీవు "బాలమణి ఎట్లున్నది రా" అని అడిగితే "మంచిగున్నది" అని చెప్పి ఫోన్ ఆమెకే ఇచ్చాను. ఆమె కూడా మంచిగున్నానని చెప్పింది. మంచిగా లేదు అక్కా. వచ్చే గురువారం ఓడకు మన పాన్‌గల్ గుంపు మొత్తం ఇంటికి వస్తున్నది. నేను రావటం లేదు. బాలమణి నాతో ఉంటుందో వాళ్లతో వస్తుందో ఇంకా చెప్పలేదు. నాతో మాట్లాడటమే లేదు. పోస్టు విమానంలో వస్తుంది, మనుషులు ఓడలో వస్తారు. ఆమె వచ్చేదే అయితే, ఆమెకన్నా ముందు ఈ కాగితం నీకు అందాలని రాస్తున్నాను. నీవే చదువు, ఎవరితోనూ చదివించకు.

ఇక్కడి సంగతి నీకు కొంత తెలుసు. ఈ అండమాన్‌లో ఎటు చూసినా పచ్చదనమే. మన దిక్కు మనుషులకు మొదట్లో అది కళ్లకు చల్లగా ఉంటుంది, తర్వాత ఊపిరాడనట్టు ఉంటుంది. అన్నం, చేపలు, కొబ్బరి దొరుకుతాయి. జొన్నరొట్టె లేదు. పోయినసారి పుంటికూర విత్తనాలు పంపమన్నాను. పంపకు. ఎందుకు వద్దంటున్నానో ఇది చదివితే నీకే తెలుస్తుంది. ఎవరైనా వచ్చేవాళ్లుంటే కారంపొడి మాత్రం పంపు.

నేను రోడ్డు పని మానేసి కప్పల మేడం దగ్గర చేరిన సంగతి చెప్పాను. "కప్పలకు జీతమిస్తరా" అని నీవు నవ్వావు. ఆ మేడంది రాయచూరు దిక్కు. కృష్ణ అవతల, మన గద్వాల దాటి. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతుంది, నన్ను అన్నా అంటుంది. ఆమె చదివేది మన బోదురు కప్ప గురించి. మన మళ్లలో తొలివాన పడగానే పసుపు రంగు తిరిగి, గొంతుకు రెండు వైపులా నీలం తిత్తులు ఊదుకుంటూ అరిచే కప్పే. అది ఈ దీవులది కాదు. పెద్ద భూమి నుంచి, అంటే మన దిక్కు నుంచి, చేపపిల్లలు తెచ్చినప్పుడు వాటి నీళ్లలో దాని పిల్లలూ వచ్చాయట. వచ్చినవి చెరువు నుంచి చెరువుకు, ఊరి నుంచి ఊరికి పాకిపోయాయి. కోడిపిల్లలను కూడా మింగుతున్నాయని ఇక్కడివాళ్లు తిట్టుకుంటారు.

కప్పలన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. కావు అక్కా. ఒక పెద్ద పెట్టెలో చిన్న పెట్టె పెట్టి, అందులో కప్పను ఉంచి, తలుపు మెల్లగా ఎత్తి చూస్తూ కూర్చోవడం నా పని. కొన్ని తలుపు లేచీ లేవకముందే దూకుతాయి. కొన్ని ముక్కు బయటపెట్టి మళ్లీ వెనక్కి పోతాయి. కొన్ని అసలు రావు. ఈ రోజు దూకింది రేపూ దూకుతుంది, వచ్చే వారమూ దూకుతుంది. దాని గుణం అది. మేడం వాటికి నంబర్లు వేస్తుంది. నేను పేర్లు పెట్టుకున్నాను. ముందుగా దూకి అందరి తిండీ తినేదానికి పటేలు అని పెట్టాను. మూలకు పోయి ముఖం చూపించని ఒకదానికి కొత్తకోడలు అని పెట్టాను.

ఒకనాడు మేడం నా కాగితం చూసి, "ఏనిది అన్నా, ఈ కోడలు ఎవరు?" అని అడిగింది. చెప్పాను.

"మరి అత్త ఎక్కడుంది?"

"నువ్వే మేడం. రోజూ తలుపు తీసి బయటికి రమ్మంటున్నవు గదా."

ఆమె చాలాసేపు నవ్వింది. నేను ఈ ఊళ్లో ఒకరిని నవ్వించింది అదొక్కసారే.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఒంటరిగా ఉంచితే రాని కప్ప, పక్కన దూకుడు కప్ప ఉంటే దాని వెనకాలే బయటికి వస్తుంది. కొత్తకోడలు కూడా పటేలు ముందు పోతే వచ్చేది. తోడు ఉంటే బెదురు తగ్గుతుంది. కొత్త జాగాలకు ముందుగా పోయి చేరేవి దూకుడువా, లేకపోతే బెదురువి కూడా వాటిని పట్టుకొని పోతాయా అన్నదే మేడం తెలుసుకోవాలనుకున్నది.

ఇక ముఖ్యమైన సంగతి. మన డేరాలు ఉన్న లోయ, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పు కయ్యకు ఈవలి ఒడ్డున ఉంది. బోదురు కప్పలు ఆవలి ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయాయి. ఉప్పునీరు దాటలేవు. మేడం పెట్టెలు కూడా ఆవలి ఒడ్డునే ఉంటాయి. అందుకే ఈవల మాత్రం ఈ దీవికి సొంతమైన చిన్న కప్పలు బతికి ఉన్నాయి. బొటనవేలంత ఉంటాయి, చింతగింజ రంగు. చీకటి పడేవేళ గాజులు ఒకదానికొకటి తగిలినట్టు అరుస్తాయి. లోకంలో ఇంకెక్కడా లేవని మేడం చెప్పింది. మన డేరాల వెనక ఉన్న గుంటే వాటికి ఇల్లు. ఆ గుంట నీళ్లే మన ఆడవాళ్లు వాడుకునేది. అడవి ఆఫీసువాళ్లు మేస్త్రీకి ముందే చెప్పారు, బయటి నుంచి జీవాలను, మొక్కలను ఈవలికి తేవద్దని. మన మన్ననూర్ చిన్నమ్మ వాళ్లకు అడవి గేటు దగ్గర చెప్పినట్టే ఇక్కడా చెబుతారు. మేస్త్రీ విన్నాడు, తల ఊపాడు. ఆడవాళ్లకు ఎవరు చెప్పారు?

ఈసారి ఇక్కడ వానలు ఆలస్యమయ్యాయి. గుంట అడుగు కనిపించింది. ట్యాంకర్ ఒకరోజు వస్తే మూడు రోజులు రాదు. ఆడవాళ్లు బిందెలు పట్టుకొని రోడ్డు మీద కూర్చునేవాళ్లు. మన వాడకట్టు రాములమ్మ పెద్దమ్మ, గుంపుకంతా వంట చేసి పెట్టే మనిషి, ఒకరోజు నన్ను పిలిచింది.

"ఓ కుర్మయ్య, నీ పెట్టెలల్ల కప్పలున్నయంట గద. ఒక్కటి తెచ్చియ్యి బిడ్డా. కప్పతల్లి ఆడుతం, వాన పడుతది."

"అవి మేడంవి పెద్దమ్మా. తేవద్దు."

"అన్ని కప్పలల్ల ఒక్క కప్ప తక్కువైతే మీ మేడంకు గోసనా? ఆడి మల్ల నీళ్లల్లనే ఇడుస్తం. సంపుతమా, తింటమా?"

"ఈడ ఇడువద్దు. ఆ కప్ప ఈడిది కాదు."

"మనం ఈడోళ్లమా మరి?" అన్నది రాములమ్మ. అందరూ నవ్వారు.

నాకు మాటలు రావు, నీకు తెలుసు. పెట్టెల సంగతి, చిన్న కప్పల సంగతి, ఉప్పు కయ్య సంగతి అన్నీ నా నోట్లోనే ఉన్నాయి. బయటికి వచ్చింది "వద్దు" అన్న మాట ఒక్కటే. ఇంటికి వచ్చాక బాలమణికి మాత్రం కొంచెం చెప్పాను. ఆమె డేరా గుంజకు ఒరిగి విన్నది.

"మన మళ్లల్ల పుట్టిన కప్ప. మనల్ని ఏం జేసింది గది? మనూళ్ల చిన్న కప్పలు లేవా? అన్నీ బతుకుతలేవా?" అని అడిగింది.

దానికి జవాబు ఉంది. మన దగ్గర చిన్న కప్పలకు దాన్ని చూసి దాక్కోవడం తెలుసు, ఇక్కడివాటికి తెలియదు. ఆ మాట చెప్పడానికి నేను సిద్ధమయ్యేలోపల ఆమె పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ వారం మేడంతో కలిసి నేను ఆవలి ఒడ్డున చెరువుల దగ్గర ఉన్నాను. సంత రోజున రాములమ్మ, బాలమణి, ఇంకొందరు పడవ ఎక్కి ఆవలికి వచ్చారు. నేను ఉన్న చెరువుకు కాదు, సంతకు పోయారు. తిరిగి పోయేటప్పుడు దారి పక్కన మడుగులో నాలుగైదు బోదురు కప్పలను పట్టి, బిందెలో వేసి, పైన వేపాకు బదులు ఏదో ఆకు కప్పి, పడవలో ఈవలికి తెచ్చారు. ఒక్కదాన్నే తెస్తే మళ్లీ వదిలేటప్పుడు తోడు లేకుండా వదిలినట్టవుతుందని రాములమ్మ అన్నదట. అక్కా, మన చిన్నతనంలో కూడా అట్లాగే అనేవాళ్లు కదా. రోకలికి నడుమ తడిగుడ్డలో కప్పను కట్టి మనం ఇద్దరం చెరొక వైపు భుజాన పెట్టుకొని వాడవాడ తిరిగినప్పుడు, అయిపోయాక దాన్ని బొట్టుపెట్టి, సాగనంపినట్టు చేసి, తోడుతో కలిపి నీళ్లలో వదిలేవాళ్లం. ఇక్కడా అంతే చేశారు. రోకలి దొరకకపోతే పార కట్టెకు కట్టారు. డేరా డేరాకు తిరిగారు. ఉన్న కొద్ది నీళ్లలోనే అందరూ చెంబెడు పోశారు. చివరికి అన్నిటినీ పసుపు కుంకుమలతో గుంటలో వదిలారు. పార కట్టెకు కట్టినదాన్ని తన చేతులతో వదిలింది బాలమణి.

మూడో నాటికి వాన వచ్చింది. ఇక్కడ వాన వస్తే ఆగదు. ఆ సాయంత్రమే నేను తిరిగి వచ్చాను. డేరాల్లో పండుగలాగా ఉంది. ఆడవాళ్లు తడుస్తూ నిలబడి ఉన్నారు. మేస్త్రీ కూడా పని ఆపి నవ్వుతూ కూర్చున్నాడు. బాలమణి నన్ను చూసి ఎదురొచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె ముఖం అంత వెలుగుగా చూడలేదు.

"ఇన్నవా? జర ఇను," అన్నది.

విన్నాను. గుంట దిక్కు నుంచి బోదురు కప్ప అరుపు. ఒకటి అంటే ఇంకొకటి. అచ్చంగా మన ఊరి చెరువు కింది మళ్లు.

"మన పాన్‌గల్‌ల ఉన్నట్టే లేదా? కండ్లు మూసుకొని ఇను," అన్నది. కొంతమంది నిజంగానే కళ్లు మూసుకొని వింటున్నారు. రాములమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నది. నేను కూడా ఒక నిమిషం కళ్లు మూసుకున్నాను. పల్లి చేను వాసన కూడా వచ్చింది. తర్వాత కళ్లు తెరిచి, చిన్న కప్పల గాజుల చప్పుడు కోసం విన్నాను. లేదు.

పొద్దున పోయి మేడంకు చెప్పాను. ఆమె అప్పుడే పళ్లు తోముకుంటున్నది. బ్రష్ చేతిలోనే ఉండిపోయింది.

"యారు అన్నా? ఎవరు తెచ్చారు?"

"మావాళ్లే మేడం."

"యాకె? ఎందుకు?"

వాన కోసమని చెప్పాను. ఆమె అరవలేదు. మెట్టు మీద కూర్చుంది. వాళ్ల ఊళ్లో కూడా కప్పను ఊరేగిస్తారని, చిన్నప్పుడు తానూ నీళ్లు పోశానని కొంతసేపటికి చెప్పింది. తర్వాత లేచి వలలు తీసింది.

ఆ రోజు నుంచి చీకటి పడేవేళకు గుంటలో దిగేవాళ్లం. పటేలు గుణం ఉన్నవి మొదట దొరికాయి. లైటు పడితే అవే ఎదురుగా వచ్చేవి. అరిచేవి అరుస్తూనే దొరికాయి. దొరికినదానికి పంటినొప్పికి పూసే మందులాంటిది కడుపు మీద పూస్తే నిద్రపోతుంది. నిద్రపోయాక మంచుపెట్టెలో పెడతాం. నొప్పి తెలియదని మేడం చెబుతుంది. పూసేది మేడం, పెట్టెలో పెట్టేది నేను.

అట్లా పెట్టేటప్పుడు ఒకదాని వెనకకాలికి ఎర్రదారం కనిపించింది. పార కట్టెకు కట్టిన దారం, ముడి ఊడలేదు. మేడం చూడలేదు. నేను దారం విప్పి జేబులో వేసుకున్నాను.

డేరాకు పోతే బాలమణి ముందే నిలబడి ఉంది.

"ఇయ్యాల దొరికినదానికి దారం ఉన్నదా?" అని అడిగింది.

ఎవరు చెప్పారో తెలియదు. గుంట డేరాల వెనకే కదా, అందరికీ కనిపిస్తుంది. లేదని అనవచ్చు. ఆమె ముఖం చూస్తూ లేదని అనలేకపోయాను. ఉన్నదని చెప్పాను. ఆమె అన్నం పెట్టి, తన చాప తీసుకొని రాములమ్మ డేరాకు పోయింది. అప్పటి నుంచి అక్కడే ఉంటున్నది.

రెండు రోజులకు రాములమ్మే వచ్చి చెప్పింది.

"నీకు బుద్ధి ఉన్నదా కొడుకా? నీ పెండ్లాం కడుపుతోటి ఉన్నది. ఇన్నేండ్లకు నిలిచింది. కడుపుతోటి ఉన్నదాని మొగడు కొబ్బరికాయ గూడ కొట్టడు. నువ్వేమో మొక్కిన తల్లిని తీస్కపోయి మంచుల పెడుతున్నవు."

"నాకు చెప్పలేదు పెద్దమ్మా."

"ఎప్పుడు జెప్తది? నువ్వు ఇంట్ల ఉన్నదెన్నడు? నువ్వు నోరు తెరిచిందెన్నడు?"

అక్కా, నీకు ఈ సంగతి ఆమె ఫోన్‌లో చెప్పిందో లేదో నాకు తెలియదు. చెప్పకపోతే ఇప్పుడు నా నుంచి విను. తెలిసిన నాడు నాకు సంతోషం వచ్చిందో భయం వచ్చిందో చెప్పలేను. మరుసటి రోజు మేడంతో చెప్పాను, ఇక నేను చంపలేనని. ఆమె "బేడ అన్నా, నీవు చేయొద్దు, అంతా నేను చూస్తాను. పట్టి ఇస్తే చాలు" అన్నది. పట్టి ఇస్తున్నాను. పట్టి ఇవ్వడానికీ చంపడానికీ మధ్య మేడంకు తేడా ఉంది. బాలమణికి లేదు. నాకు ఉందో లేదో ఇంకా తేల్చుకోలేదు.

అన్నీ దొరికి ఒకటి మిగిలింది. ఆడది. ఒకసారి ముక్కు మాత్రం చూశాను. మా కొత్తకోడలు లాంటిదే. లైటు వేస్తే మునుగుతుంది, ఎర వేస్తే కదలదు. దూకుడువి పక్కన ఉన్నప్పుడు వాటి వెనక బయటికి వచ్చి ఉండేది. ఇప్పుడు దానికి తోడు లేదు. తోడును మేమే తీసేశాం. "బెదురుదాన్ని ముందు పట్టాల్సింది అన్నా," అని మేడం అన్నది. తెలిసి కూడా ఇద్దరం సులువుగా దొరికినవాటినే పట్టుకుంటూ పోయాం.

అది అప్పటికే గుడ్లు పెట్టింది. తోకకప్పలు వచ్చాయి. మన బోదురు కప్ప పిల్లలు పాచి తినవు. పక్కనున్న పిల్లలను తింటాయి. చిన్న కప్పల పిల్లలను తిన్నాయి. అవి అయిపోయాక ఒకదాన్నొకటి తింటున్నాయి. ఒక తల్లి పిల్లలే. అంచున కూర్చొని చూశాను.

అడవి ఆఫీసువాళ్లు వచ్చి చూసి గుంట ఎండగట్టాలన్నారు. తోకలు ఊడి కాళ్లు రాకముందే చేయాలి. గుంట లేకపోతే డేరాలకు నీళ్లు లేవు. మేస్త్రీ గుంపును ఇంటికి పంపుతున్నాడు. మనవాళ్లను ఎవరూ తిట్టలేదు, జరిమానా వేయలేదు. కానీ పని పోయింది. మగవాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. ఆడవాళ్లు నాకు వినపడేటట్టు మాట్లాడుతున్నారు. "మనోళ్లను మనోడే పట్టిచ్చిండు" అని. చెప్పకుండా ఎట్లా ఉండాలి? చెప్పకుంటే ఒక గుంటతో పోయేది కాదు, లోయంతా పోయేది. ఈ మాట కూడా ఎవరితోనూ అనలేదు. నీకే రాస్తున్నాను.

సోమవారం. పొద్దున ఎండ, మధ్యాహ్నం పెద్ద వాన. దీపంబుడ్డి గాజు తుడిచాను, కరెంటు ఉండటం లేదు.

మేడం ఉండే చోట నాకు ఒక రేకుల గది ఇచ్చారు. మంచం ఉంది, పొయ్యి పెట్టుకోవడానికి మూల ఉంది. బాలమణి వస్తే చూపించాలని ఊడ్చి పెట్టాను. సాయంత్రం ఆమె కారంరోలు తీసుకోవడానికి మా డేరాకు వచ్చింది. చాలా రోజులకు మాట్లాడింది.

"నువ్వు గూడ రా. గురువారం ఓడకు అందరం పోదం."

"గుంట పని అయిపోలే."

"మేడం లేదా? ఆఫీసోళ్లు లేరా?"

"ఆ ఒక్కటి వాళ్లకు దొరకదు. నాకే దొరకాలె. మన చేతుల మీద వచ్చింది. మనల ఒక్కడన్న ఉండి తియ్యాలె గద."

ఆమె కారంరోలును కొంగుతో తుడిచింది.

"చిన్న కప్పలు నీకు సుట్టాలా?"

నేను రోలు కింద అంటిన మట్టి దులిపాను.

"నా కడుపుల ఉన్నది ఎవలకు సుట్టం?"

"గది ఇచ్చిండ్రు. జర చూడు. ఆడ ఉందం. మంచు పెట్టె ఆడ లేదు, అది వేరే కాడ ఉంటది," అని చెప్పాను. అక్కా, నేను ఎన్నాళ్లకో ఒకసారి మాట్లాడితే ఆ మాటే వచ్చింది. ఆమె కొంతసేపు నన్ను చూసింది. కోపంగా కాదు. దవాఖానలో రోగిని చూసినట్టు చూసింది. రోలు ఎత్తుకొని పోయింది.

బుధవారం. మబ్బు, వాన లేదు. గొడ్డలికి కొత్త కామ వేశాను.

నిన్న, ఈరోజు ఇంజన్ పెట్టి గుంట నీళ్లు తోడాం. నీళ్లు పోయే కాలువకు సన్నజాలి కట్టాం. అడుగు తేలేసరికి బురదంతా కదులుతున్నది. తోకకప్పలు. కొన్నిటికి వెనకకాళ్లు వచ్చాయి. మనవాళ్లు ఒడ్డున నిలబడి చూశారు, ఎవరూ దిగలేదు. మేడం, ఆఫీసువాళ్లు ఇద్దరు, నేను దిగాం. జల్లెళ్లతో ఎత్తాం. ఆ పని ఎట్లా చేశామో రాయను.

మధ్యాహ్నం దాటాక ఒక వేరు కింది బొరియలో చెయ్యి పెడితే ఆ ఆడకప్ప తగిలింది. దూకలేదు, గింజుకోలేదు. చేతిలో అట్లాగే కూర్చుంది. కడుపు సంచిలాగా జారిపోయి ఉంది. ఒడ్డు వైపు చూస్తే బాలమణి ఉంది. ఆమె చూస్తుండగానే నేను దాన్ని మేడం చేతికి ఇచ్చాను. ఇంకేం చేయగలను?

అంతా అయిపోయిందనుకున్నాం. మేడం ఆఫీసువాళ్లకు టీ పోసింది. పొద్దు వంగేటప్పుడు దిగువ వాగు దిక్కు నుంచి అరుపు వినిపించింది. మగది. మా లెక్కలో లేనిది, బిందెలో ఎన్ని వేశారో ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. మొదటి పెద్ద వానకు గుంట పొర్లినప్పుడే ఒకటి బయటపడి వాగు పట్టుకొని పోయి ఉంటుంది. అందరికన్నా ముందు పోయింది కనుక మేము దాన్ని చూడనే లేదు. దూరం నుంచి దానికి ఇంకొకటి జవాబిచ్చింది, అంటే పోయింది ఒక్కటే కాదు. మేడం గ్లాసు కింద పెట్టింది. వాగు పోయి పెద్ద అడవిలో కలుస్తుంది. గుంటను తోడవచ్చు, వాగును తోడలేము.

డేరాలు విప్పుతుండగా బాలమణి వచ్చింది. ఆమె కూడా ఆ అరుపు విన్నది. ఈసారి వినమని అనలేదు.

"ఇంకున్నయి గద," అన్నది.

"ఉన్నయి."

"ఇగ నీ పని ఒడువది."

"ఒడువది."

"నేను పోత," అన్నది. "నీ మీద కోపం లేదు. నాకు భయమైతుంది. నీ చేతులు చూస్తే భయమైతుంది. బిడ్డ పుట్టినంక కబురు చేస్త. అప్పటికి నువ్వు ఈ పనిల ఉంటే రాకు. లేకుంటే రా."

సరే అన్నాను. ఇంకేమైనా అనాల్సింది. నీవైతే ఏం అనేదానివో, ఆమె పోయినప్పటి నుంచి ఆలోచిస్తున్నాను.

గురువారం. వాన. ఓడ దగ్గర మూటలు తడవకుండా ప్లాస్టిక్ కవర్లు కట్టి ఇచ్చాను.

ఓడ పోయింది. రాములమ్మ పెద్దమ్మ ఎక్కేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టింది. "యాళ్లకు తిను కొడుకా" అన్నది. బాలమణి పైనుంచి చూసిందో లేదో తెలియదు, రెయిలింగ్ దగ్గర అంతమంది ఉన్నారు, అందరికీ ఒకే రంగు కవర్లు.

ఆమె మద్రాసులో దిగి రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషన్‌లో దిగుతుంది. బావను పంపు. బస్సులో నిలబడనియ్యవద్దు. మా ఇల్లు తీసి ఉంచు, కానీ ఆమె నీ దగ్గర ఉంటానంటే ఉంచుకో. ఎందుకు ఒక్కతివే వచ్చావని వాడకట్టువాళ్లు అడుగుతారు. నా పని ఒడవలేదని చెప్పు, అది అబద్ధం కాదు. నా గురించి ఆమెకు నచ్చచెప్పవద్దు. ఆమె తప్పు లేదు. వాన కోసం మొక్కింది, వాన వచ్చింది.

ఒక్కటే అడుగుతాను. ఆమె వచ్చేసరికి మీ దిక్కు వానలు పడి ఉంటే, సాయంత్రం మళ్లలో కప్పలు అరుస్తుంటాయి. ఆమెను లోపలికి రమ్మని తొందరపెట్టవద్దు. కొంతసేపు అరుగు మీద కూర్చోనియ్యి. అక్కడ ఆ అరుపు మంచిదే. అక్కడ దాన్ని వినడానికి ఎవరూ భయపడనక్కర లేదు.

బావకు, పెద్దలందరికీ నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీవు నన్ను మనసులో దీవించు, చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టేదానివి, అట్లా. నేను బాగున్నాను. వేళకు తింటున్నాను. రంది పెట్టుకోవద్దు.

నీ తమ్ముడు
కుర్మయ్య

శుక్రవారం. తెరిపి. పోస్టుకు పోయే ముందు వాగు వెంట కొంత దూరం నడిచాను. నిన్నటికన్నా ఇంకొంచెం కిందనుంచి వినిపిస్తున్నది. మేడం వలలు సర్దుతున్నది, నన్ను పిలుస్తున్నది. బియ్యం కడిగి నానబెట్టి, పొయ్యిలోకి కట్టెలు చీల్చి పెట్టాను.